ఎందుకు కలుసుకోవాలి నాన్నా?

"నా తెలుగు బాగాలేదు కదా నాన్నా, అందుకే అర్థం కాలేదేమో."

మా అమ్మాయి ఈ మాట అని నెల దాటింది. ఇంకా నా చెవుల్లోనే ఉంది.

సెలవులకు వెళ్తున్నాం. విమానంలో రెక్క పక్కన సీటు. దిగే ముందు రెక్క వెనక అంచు నుంచి పలకలు కిందికి జారడం చూసి, అసలు ఇది గాల్లో ఎలా నిలబడుతుందని ఇంగ్లీషులో అడిగింది. "తెలుగులో అడుగు" అన్నాను. మా ఇంట్లో అది నేను పెట్టిన నియమం. మాట మాట వెతుక్కుంటూ అడిగింది. చిన్నప్పుడు బడిలో విన్నదే నేనూ చెప్పాను. రెక్క పైన వంపు ఉంటుంది, పైన పోయే గాలికి దూరం ఎక్కువ, కింది గాలిని చివర్లో కలుసుకోవాలి కాబట్టి వేగంగా పోతుంది, వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది అని.

"ఎందుకు కలుసుకోవాలి నాన్నా?"

"అదంతే" అన్నాను. అప్పుడంది ఆ మాట.

తిరిగొచ్చాక కూర్చుని చదివాను. అవి కలుసుకోనే కలుసుకోవు. పై గాలి కింది గాలి కంటే ముందే చివరికి చేరిపోతుంది. రెక్క గాలిని కిందికి మళ్ళిస్తుంది, గాలి రెక్కను పైకి తోస్తుంది. పైన పీడనం తగ్గే మాట నిజమే, నేను చెప్పిన కారణమే తప్పు. అదే నిజమైతే విమానాలు తలకిందులుగా ఎగరలేవు. నా పిల్ల సరైన చోట వేలు పెట్టింది. పెట్టి, తప్పు తన తెలుగుదే అనుకుంది.

విమానం కనిపెట్టిన రైట్ సోదరుల గురించీ అప్పుడే చదివాను. 1901లో ఇంజన్ లేని వాళ్ళ గ్లైడర్‌కు లెక్క ప్రకారం రావలసిన పైకెత్తే బలం, అంటే లిఫ్ట్‌లో మూడో వంతే వచ్చింది. వాళ్ళు ఆ లెక్కకు వాడిన పాత పట్టికలను అనుమానించారు. ఒక పెట్టెలో ఫ్యాన్‌తో గాలి పంపి దాదాపు 200 చిన్న రెక్కలను పరీక్షించారు. అందరూ ఏళ్ళ తరబడి నమ్మిన అంకె ఒకటి తప్పని తేలింది. పొడవుగా, సన్నగా ఉన్న రెక్కే మేలని తెలిసింది. 1903 డిసెంబర్ 17న వాళ్ళ విమానం మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగులు.

ఇవన్నీ మా అమ్మాయికి చెప్పాను. మొదట "నేను చెప్పింది తప్పు, నువ్వు అడిగింది కరెక్ట్" అన్నాను. ఖాళీ రోడ్డు మీద వాళ్ళమ్మ కారు నడుపుతుంటే అరచెయ్యి కిటికీ బయట పెట్టి ముందు అంచు కాస్త ఎత్తమన్నాను. చెయ్యి దానంతటదే లేచింది. "తోస్తోంది నాన్నా!" ఇంకా నిటారుగా తిప్పితే లేవడం మానేసి వెనక్కి నెట్టేసింది. విమానం ముక్కు మరీ ఎత్తితే వచ్చే స్టాల్ కూడా దాదాపు ఇదేనని చెప్పాను. స్టాల్‌కు తెలుగు మాట నాకు తెలియలేదు. ఒకప్పుడైతే అక్కడ మాట మార్చేసేవాణ్ణి.

పిల్లలతో మాతృభాషలోనే మాట్లాడండి అని అందరికీ చెబుతుంటాను. కోపం వస్తే నేను అరిచేది ఇంగ్లీషులోనే. "తెలుగులో అడుగు" అన్న ప్రతిసారీ ఎన్ని ప్రశ్నలు లోపలే ఆగిపోయాయో నాకు లెక్క లేదు. నియమం తీసేస్తే భాష పోతుందేమోనని భయం. ఉంచితే ప్రశ్నలు పోతాయేమోనని భయం.

నిన్న రాత్రి రెక్క కొసను పైకి ఎందుకు వంచుతారని అడిగింది, సగం ఇంగ్లీషులో. ఏమీ అనకుండా, కింది గాలి కొస చుట్టూ తిరిగి పైకి పోయి సుడులు కడుతుందని, ఆ వంపు వాటిని తగ్గిస్తుందని చెప్పాను. పొద్దున తమ్ముడు ఏదో అడగబోతే నా నోట్లోంచి మళ్ళీ అదే మాట వచ్చింది. అక్క తలెత్తి నా వైపు చూసింది.