గుండెకాయ కోయొద్దు బాబాయ్

నిన్న పొద్దున్నే కొత్తపేట మాంసం కొట్టుకి వెళ్లి మూడు మేక గుండెకాయలు అడిగాను. కొట్టాయన అలవాటుగా కత్తి పెట్టబోతుంటే ఆపాను. "కోయొద్దు బాబాయ్, పైన గొట్టాలతో సహా అలాగే ఇవ్వండి, పిల్లలకి పాఠం చెప్పాలి." "చదువుకా అమ్మా, మంచివి ఏరిస్తానుండు" అని కడిగి మరీ ఇచ్చారు.

గుంటూరులో ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం వాళ్లకి అనాటమీ, ఫిజియాలజీ చెబుతాను. బొమ్మలో చూస్తే గుండె కింది భాగంలో ఉండే కుడి, ఎడమ జఠరికలు రెండూ మామూలు గదులే. వేలితో నొక్కితే గానీ తేడా తెలియదు. కుడి గోడ మెత్తగా లోపలికి పోతుంది. ఎడమది దళసరి, పిడికిలి బిగించినట్టు గట్టిగా తగులుతుంది. కుడివైపు పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి రక్తం పంపితే చాలు, ఎడమవైపు తల నుంచి కాలిగోరు దాకా తోయాలి. మనిషి ఊరికే కూర్చున్నా నిమిషానికి సుమారు 5 లీటర్లు!

తర్వాత బృహద్ధమనిలో, అంటే ఎడమ జఠరిక నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద గొట్టంలో, గ్లాసుతో నీళ్లు పోయించాను. కిందికి దిగలేదు. దాని మొదట్లో తలుపులా ఉండే కవాటం తాలూకు అర్ధచంద్రాకారపు రెక్కలు మూడూ ఉబ్బి, ఒకదాన్నొకటి ఆనుకుని దారి మూసేశాయి. ఎప్పుడూ నోరు విప్పని చివరి బెంచీ అమ్మాయి వంగి చూసి, "మేడమ్, దీన్ని ఎవరు మూశారు?" అంది.

నీళ్లే మూశాయమ్మా. మనలో అయితే వెనక్కి రాబోయే రక్తం మూస్తుంది. స్టెతస్కోపులో వినే "లబ్-డబ్"లో రెండో చప్పుడు ఇలాంటి కవాటాలు మూసుకున్నప్పటిదే.

ఆ పిల్ల తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. ఆ తర్వాత, "ఇంకోసారి పోయనా మేడమ్?" అని గ్లాసు అందుకుంది.