చెరువు కట్ట పార్కు, మా ఇంటి పన్ను: నా అనుభవం

డిసెంబర్‌లో బిల్ కలెక్టర్ ఇచ్చిన నోటీసులో మా ఇంటి పన్ను 2,180 నుంచి 3,460 అయింది. వరంగల్‌కు గంట దూరంలో చిన్న మున్సిపాలిటీ మాది. చెరువు కట్ట మీద మ్యూజికల్ ఫౌంటెన్‌తో పార్కు కడుతున్నారు, అందుకే పన్నులు పెంచారని గల్లీ అంతా ఒకటే మాట. "మోరీ మీద బండ వెయ్యరు గని రంగుల నీళ్లు ఎగరేస్తరట" అంది మా అత్తమ్మ.

కొందరు ధర్నా అన్నారు. ముందు కాగితం చేతికి రానియ్యండి అన్నాను. పది రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను: పార్కు అంచనా ఎంత, డబ్బు ఎక్కడిది, కట్టాక కరెంటు, కాపలా ఖర్చు ఎవరిది? 30 రోజులైనా జవాబు లేదు. మొదటి అప్పీలు వేశాకే "వచ్చి ఫైలు చూసుకోండి" అని ఫోన్ వచ్చింది.

చూడటానికి మొదటి గంట ఫీజు ఉండదు. మా గల్లీలోని రిటైర్డ్ లెక్కల సారును వెంట తీసుకెళ్లాను. దారం ఊడిపోయిన ఫైలు. ఆర్చికి, లైట్లకు, ఫౌంటెన్‌కు పేజీలకు పేజీలు. నిర్వహణ దగ్గర మాత్రం "మున్సిపల్ సాధారణ నిధి" అని ఒక్క లైను. సారు దాని మీద వేలు పెట్టి, "కట్టుడు గ్రాంటుతోని బిడ్డా, నడుపుడు మన ఇంటి పన్నుతోని" అన్నారు.

నా పన్ను పెరగడానికి కారణం వేరే. మేడ మీద బట్టలారేసే రేకుల షెడ్డును గదిగా రాసుకున్నారు. అందుకని రెండు అర్జీలు విడివిడిగా పెట్టాను. కొలతల అర్జీ మున్సిపల్ ఆఫీసులో, పార్కుది సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో. ఈ రెండూ కలిపితే ఏదీ తేలదు, ఎవరికైనా ఇదే చెప్తాను.

సంతకాలకు తిరిగితే ఒక అక్క, "పార్కు వద్దంటున్నమా?" అని అడిగింది. వద్దనడం లేదక్కా అన్నాను. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి. దాంతో చెట్లు పెట్టండి, ఫౌంటెన్ ఆపి ముందు మోరీ కట్టండి అని రాశాం. 64 మంది సంతకం పెట్టారు.

ఏప్రిల్‌లో వచ్చి షెడ్డు మళ్లీ కొలిచారు, పన్ను 2,310కి దిగింది. నెలాఖరులోపే కట్టి 5 శాతం రాయితీ తీసుకున్నాను. ఫౌంటెన్ టెండరు ఇంకా రద్దు కాలేదు. ప్రజావాణి రసీదు నా పర్సులోనే ఉంది, వచ్చే సోమవారం సారూ నేనూ మళ్లీ కలెక్టరేట్‌కు పోతున్నాం.