నా మలేరియా, నా రిపోర్టులు: అందరూ ప్లేట్లెట్లు చూశారు, డాక్టర్ గారు వేరేవి చూశారు

ఒడిశాలో మా రాయగడ వైపు ఇప్పుడు ఎవరికి జ్వరం వచ్చినా ముందు అడిగేది ప్లేట్లెట్లు, అదే రక్తం గడ్డకట్టడానికి సాయపడే కణాలు, ఎంతున్నాయనే. నాకు ఫాల్సిపారం మలేరియా వచ్చి తగ్గిన దగ్గర్నుంచి చుట్టాలు, సంతల్లో నా తోటి వ్యాపారులు వాళ్ల రిపోర్టులు ఫోటో తీసి పంపుతున్నారు, ఇదేటో నల్లగా లావుగా ప్రింటయింది, భయమేస్తోంది, నువ్వు చూసి చెప్పు అని. నేను డాక్టర్ని కాదు, బట్టల వ్యాపారిని. కానీ ఆసుపత్రి వార్డులో ఉన్నన్నాళ్లూ డాక్టర్ గారు, లాబ్‌లో పనిచేసే పార్వతీపురం కుర్రాడు ఒక్కో కాగితం పట్టుకుని ఓపిగ్గా నాకు చెప్పినవి చాలామందికి చెప్పేవాళ్లే ఉండరు, అందుకే తెలిసినంతవరకు రాస్తున్నాను.

నాది మునిగూడ, బిస్సంకటక్, చాటికోన సంతలు తిరిగే పని. వానాకాలంలో కొండ వైపు ఊళ్లలో చీకటి పడితే అక్కడే ఉండిపోవడం మామూలే. అలాంటి ఒక తిరుగుడు తర్వాత వణుకుతో జ్వరం పట్టుకుంది, రెండు దుప్పట్లు కప్పినా పళ్లు కొట్టుకునేంత వణుకు, తర్వాత ఒళ్లంతా చెమట, మళ్లీ సాయంత్రానికి అదే వరస. మా పెద్దవాళ్లు మన్యం జ్వరం అనేది దీన్నే. దార్లో ఒక చోట రక్తం ఇస్తే వైడల్ టెస్ట్ చేసి టైఫాయిడ్ అని రాసేశారు, ఓ 1:160, హెచ్ 1:160 అని. మలేరియా టెస్ట్ చెయ్యనేలేదు. అది నాకు ఇప్పటికీ బాధే, మన్యంలో వానాకాలం జ్వరానికి మలేరియా చూడకుండా వదిలెయ్యడం ఏమిటండీ. వైడల్ చూసేది టైఫాయిడ్ క్రిమిని కాదు, దాని మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీల్ని. ఎప్పుడో టైఫాయిడ్ వచ్చి పోయినా, టీకా వేయించుకున్నా, ఒక్కోసారి మలేరియా ఉన్నా కూడా ఆ అంకె పైకి చూపిస్తుంది. మనలాంటి చోట ఒక్క వైడల్ పట్టుకుని టైఫాయిడ్ అని తేల్చకూడదు, నమ్మకంగా తెలియాలంటే యాంటీబయాటిక్ మొదలెట్టకముందే రక్తం కల్చర్‌కి, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకి పంపాలి అని తర్వాత డాక్టర్ గారు చెప్పారు.

యాంటీబయాటిక్ వేసుకుంటున్నా జ్వరం దిగలేదు. మా అత్తగారి ఊళ్లో ఆశా దీదీ నన్ను చూసి, మందులు తర్వాత అన్నయ్యా, ముందు వేలు ఇవ్వండి అంది. వేలి చివర గుచ్చి చిన్న రక్తం చుక్క ఆ ప్లాస్టిక్ కార్డు గుంటలో వేసింది, పక్క గుంటలో మందు చుక్కలు వేసి గడియారం చూసుకుంటూ కూర్చుంది. ఎర్ర రంగు మెల్లగా కాగితం మీద పాకి ముందు సీ దగ్గర ఒక గీత వచ్చింది, అది కార్డు బాగానే పనిచేస్తోందని చెప్పే గీత, అది రాకపోతే ఆ కార్డు పారేసి ఇంకోటి తియ్యాలట. కాసేపటికి పీఎఫ్ అన్నచోట రెండో గీత వచ్చింది. పీఎఫ్ అంటే ఫాల్సిపారం, మెదడుకీ కిడ్నీకీ ఎక్కే రకం. మా కొండ జిల్లాల్లో ఎక్కువ కనబడేది అదే. మాత్రలు అక్కడే ఇచ్చింది గానీ వేసినవి వేసినట్టే కక్కేశాను, మర్నాటికి మాట తడబడి మత్తుగా పడిపోతుంటే మావాళ్లు జీపులో జిల్లా పెద్దాసుపత్రికి తీసుకొచ్చేశారు.

కార్డు చెప్పేది ఉందా లేదా అన్నంతవరకే. ఎంత ఉంది, మందుకి తగ్గుతోందా అన్నది స్లైడ్ చూస్తేనే తెలుస్తుంది. అద్దం ముక్క మీద రక్తం మందంగా వేసి ఒకటి, పల్చగా ఈడ్చి ఒకటి చేస్తారు. మందం దాంట్లో మలేరియా పురుగు ఉందో లేదో త్వరగా దొరుకుతుంది, పల్చటి దాంట్లో ఏ రకమో, ఎన్ని ఎర్రకణాల్లో దూరిందో లెక్క తెలుస్తుంది. నాకు తగ్గాక ఆ కుర్రాడు నా మొదటి రోజు స్లైడే మైక్రోస్కోప్‌లో చూపించాడు. లేత గులాబీ రంగు గుండ్రటి కణాలు, కొన్నింటి లోపల సన్నటి ఊదారంగు ఉంగరం, ఉంగరానికి ఒక చుక్క. ఒక్కో కణంలో రెండేసి ఉంగరాలు కూడా ఉన్నాయి. నన్ను అంతలా కుదిపేసింది ఇదా అని చాలాసేపు కన్ను తియ్యలేకపోయాను. రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, అప్పటికీ ఇప్పటికీ మైక్రోస్కోప్ కింద ఓపిగ్గా చూసేవాడి కన్నే పెద్ద దిక్కు.

ఇక ప్లేట్లెట్ల గొడవ. మొదటి సీబీసీలో, అంటే రక్తకణాల లెక్క చెప్పే టెస్టులో, 38 అని వచ్చింది. నార్మల్ లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు కదా, 38 ఏమిటని మా ఆవిడ గుండె ఆగినంత పనయింది. అది 38 వేలు, ఆ లాబ్ వేలల్లో రాస్తుంది, కొన్ని లాబులు 0.38 లక్షలు అని రాస్తాయి, కొన్ని 38,000 అని పూర్తిగా రాస్తాయి. అంకె పక్కనే చిన్న అక్షరాల్లో ఉన్న యూనిట్ ముందు చూడాలి, రెండు లాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టేటప్పుడు మరీను. వైజాగ్ నుంచి మా బామ్మర్ది గంటగంటకీ ఫోను, బావా ప్లేట్లెట్లు ఎక్కించమను, లేకపోతే ఇక్కడికి తెచ్చెయ్యండి అని. ఒకరు బొప్పాయి ఆకు రసం, ఒకరు కివీ పండు. డాక్టర్ గారు ఒరియా ఆయన, తెలుగు బాగానే మాట్లాడతారు. మా ఆవిడని కూర్చోబెట్టి చెప్పారు, మలేరియాలో ప్లేట్లెట్లు పడటం మామూలమ్మా, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం లేదు, విరేచనం నల్లగా లేదు, పది వేల కిందకి పోలేదు, ఎక్కించాల్సిన పని లేదు, పురుగు చస్తే అవే పెరుగుతాయి, నేను భయపడుతున్నది ఇదిగో దీనికి అని ఇంకో కాగితం మీద వేలు పెట్టారు. క్రియాటినిన్ 2.4.

ఆ కాగితం అప్పటిదాకా మావాళ్లెవరూ చూడనే లేదు. క్రియాటినిన్ అంటే మన కండలు పనిచేస్తుంటే రోజూ పుట్టే వ్యర్థం, కిడ్నీలు దాన్ని ఒంటేలులో బయటికి పంపేస్తాయి. తూము పూడుకుపోతే మడిలో నీళ్లు నిలబడ్డట్టు కిడ్నీ మందగిస్తే అది రక్తంలో నిలబడుతుంది. మామూలుగా 0.6 నుంచి 1.2 దాకా ఉంటుంది, కానీ అందరికీ ఒకే లెక్క కాదు, కండపట్టి ఉన్న కుర్రాడికి 1.3 ఉన్నా ఫర్వాలేకపోవచ్చు, ఎండిపోయిన ముసలామెకి 1.2 ఉన్నా కిడ్నీ దెబ్బతిని ఉండొచ్చు. మా ఆవిడ నా పాత షుగర్ ఫైలు వెంట తెచ్చింది, అందులో అంతకుముందు క్రియాటినిన్ 1.0 ఉంది. అది చూశాకే డాక్టర్ గారికి ఇది పాత జబ్బు కాదు, ఇప్పుడే మొదలైంది అని ఖాయమైంది. వెంటనే నా షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపేశారు, మలేరియా పురుగుని చంపే ఆర్టిసునేట్ ఇంజక్షన్ మొదలెట్టారు, మొదటిది వెంటనే, తర్వాత 12 గంటలకి, 24 గంటలకి, అక్కడ్నుంచి రోజుకొకటి. ఒంటేలు ఎంత వస్తోందో సీసాలో కొలిచి రాసేవారు. షుగర్ కూడా మాటిమాటికీ వేలు గుచ్చి చూసేవారు, ఈ జబ్బులో షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి తెలివి తప్పొచ్చు, అప్పుడది మెదడుకెక్కిన మలేరియా అనుకుని పొరబడే ప్రమాదం ఉంది. స్లైడ్‌లో ఉంగరాలు రోజురోజుకీ పల్చబడ్డాయి, క్రియాటినిన్ 2.4 దగ్గర ఆగి 1.6కి దిగింది, ప్లేట్లెట్లు ఏమీ ఎక్కించకుండానే 61 వేలు, తర్వాత లక్ష దాటాయి. అప్పుడు గానీ మా బామ్మర్ది ఫోన్లు తగ్గలేదు.

అదే వార్డులో గుణుపురం వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఉండేది. ఆవిడకి ప్లేట్లెట్లు 22 వేలని బయట రిపోర్టు, కొడుకు పెద్ద ఊరికి బండి మాట్లాడేసుకున్నాడు. మన లాబ్ కుర్రాడు స్లైడ్ వేసి చూస్తే ప్లేట్లెట్లు గుత్తులు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి. ఊదా మూత ట్యూబులో ఉండే మందుకి కొందరి రక్తం అలా గుత్తులు కడుతుందట, మిషన్ గుత్తిని ప్లేట్లెట్ కింద లెక్కపెట్టదు. వేరే రకం ట్యూబులో తీసి మళ్లీ చేస్తే లక్షా డెబ్బై వేలు! కాబట్టి మనిషి బాగానే ఉండి అంకె మాత్రం ఘోరంగా వస్తే, బండి ఎక్కే ముందు స్లైడ్ మీద ఒకసారి చూడమని అడగండి, తప్పేం లేదు.

నా కళ్లు పచ్చబడ్డాయి. మా అమ్మ వచ్చి చూసి ఒకటే ఏడుపు, "ఓరి నాయినా, పచ్చకామెర్లు కమ్మేసినాయిరా, పసరు పొయ్యించకపోతే ఎలగరా" అని. ఆవిడ భయం ఆవిడది, మా ఇంట్లో కామెర్లతో ఒకరు పోయారు. బిలిరుబిన్ 5.8, నార్మల్ 1.2 లోపు. డాక్టర్ గారు అమ్మకి అర్థమయ్యేలా చెప్పారు, పురుగు ఎర్రకణాల్ని పగలగొడుతోంది, పగిలిన కణాల్లోని రంగే ఈ పచ్చదనం, అందుకే ఇన్‌డైరెక్ట్ అన్నది, అంటే లివర్ ఇంకా మార్చని బిలిరుబిన్, ఎక్కువుంది, లివర్ కణాలు చితికితే పెరిగే ఎస్‌జీపీటీ 78 మాత్రమే ఉంది, వైరస్ కామెర్లయితే అది వందలు దాటి వేలల్లోకి కూడా పోతుంది అని. అంటే కామెర్లు అన్న ఒక్క మాట వెనక జబ్బులు చాలా ఉంటాయి, బిలిరుబిన్ ఒక్కటే చూస్తే ఏదో తెలీదు, పక్కనున్న రెండు మూడు అంకెలతో కలిపి చదవాలి. ఏదైనా కామెర్లకి పసరు మాత్రం వద్దమ్మా, అసలే అలిసిపోయిన లివర్, కిడ్నీ మీద ఇంకో బరువు పెట్టొద్దు అన్నారు. అమ్మ ఒప్పుకుంది, మజ్జిగౌరమ్మకి మొక్కుకుని ఊరుకుంది.

లావుగా ప్రింటయిన అంకెల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. నార్మల్ రేంజ్ అనేది ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో నూటికి తొంభై అయిదు మంది ఎక్కడుంటారో చూసి పెట్టుకున్న గిరి. మిగతా అయిదుగురు కూడా ఆరోగ్యవంతులే. ప్యాకేజీ పేరుతో ఒకేసారి నలభై యాభై టెస్టులు చేయిస్తే ఏ రోగం లేనివాడికి కూడా ఒకటో రెండో గిరి బయట పడతాయి. అలా కొంచెం అటూ ఇటూ ఉన్నదాన్ని పట్టుకుని నిద్ర మానుకోవద్దు. దాని బదులు పోయినసారి ఎంతుంది, ఇప్పుడెంతుంది, ఈ టెస్ట్ దేనికోసం రాశారు అని డాక్టర్నే అడగండి, నేను అడిగిన ప్రతిసారీ ఆయన చెప్పారు.

డిశ్చార్జి అయ్యేటప్పుడు హిమోగ్లోబిన్ 10.6. వారానికోసారి, నెల దాకా సీబీసీ చేయించుకోవాలి, మానకూడదు అని గట్టిగా చెప్పి పంపారు. ఇంటికొచ్చాక జ్వరం లేదు, తిండి తింటున్నాను, కానీ మేడ మెట్లు ఎక్కితే ఆయాసం, గుండె దడ. రెండో వారం చేయిస్తే హిమోగ్లోబిన్ 7.8! ఇంట్లో మళ్లీ గందరగోళం. ఎవరో ఊళ్లో కార్డు టెస్ట్ చేస్తే మళ్లీ పీఎఫ్ గీత వచ్చింది, మలేరియా తిరగబెట్టింది అన్నారు. పెద్దాసుపత్రికి పోతే స్లైడ్ చూశారు, ఒక్క పురుగు లేదు. ఆ కార్డు పట్టుకునేది పురుగు వదిలే ఒక ప్రోటీన్‌ని, పురుగు చచ్చాక కూడా అది వారాల తరబడి రక్తంలో తిరుగుతుంది, కాబట్టి మందు వాడిన కొత్తల్లో తగ్గిందో లేదో చూడ్డానికి కార్డు పనికిరాదు, స్లైడే చూడాలి. మరి రక్తం ఎందుకు పడిందంటే, ఆర్టిసునేట్ పురుగుని కణం లోపలే చంపేస్తుంది, మన ప్లీహం ఆ చచ్చిన పురుగుని తీసేసి కణాన్ని మళ్లీ రక్తంలోకి వదిలేస్తుంది, అలా గాయపడ్డ కణాలు పూర్తి ఆయుష్షు బతకలేక కొన్నాళ్లకి ఒక్కసారిగా రాలిపోతాయి. పురుగు బాగా ఎక్కువున్నవాళ్లకి ఇంజక్షన్ అయిన వారం నుంచి నెల లోపల ఇలా అవ్వొచ్చు. ఎల్‌డీహెచ్ పెరిగింది, అది కణాలు పగులుతున్నాయని చెబుతుంది. రెటిక్యులోసైట్లు కూడా పెరిగాయి, అవి కొత్తగా పుట్టిన పసి ఎర్రకణాలు, అంటే ఎముక మజ్జ గట్టిగా పనిచేస్తోంది, భయం లేదు అన్నారు. మా ప్రాంతంలో సికిల్ సెల్ అనే, వంశంలో వచ్చే ఎర్రకణాల జబ్బు ఎక్కువ కాబట్టి అదీ చూశారు, లేదు. ఐరన్ ఇంజక్షన్ వేయించుకుంటానంటే ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ చూసి ఇప్పుడు అక్కర్లేదన్నారు, ఫోలిక్ యాసిడ్ మాత్ర మాత్రం రాశారు. మెల్లగా 8.4, 9.9, ఆ తర్వాత 12 దాటింది. ఆ పెరుగుదల నాకు కాగితం కన్నా ముందు కాళ్లలో తెలిసింది, సంచి భుజాన వేసుకుని సంతకి నడవగలిగాను.

చివరగా షుగర్ ఉన్నవాళ్ల కోసం ఒకటి. ఆ మధ్యలో మూడు నెలల షుగర్ టెస్ట్, హెచ్‌బీఏవన్‌సీ చేయిస్తే 5.4 వచ్చింది. అంతకుముందు 7.8 ఉండేది. ఇంట్లో అందరూ షుగర్ పోయింది, ఇక మాత్రలు వద్దు అని సంతోషపడ్డారు. కానీ పరగడుపున గ్లూకోమీటర్ 160 చూపిస్తోంది. ఎర్రకణం మామూలుగా 120 రోజులు బతుకుతుంది, అన్నాళ్లూ దానికి అంటుకున్న షుగర్‌ని కొలిచేదే ఆ టెస్ట్, నీ ఒంట్లో పాత కణాలు చాలా రాలిపోయి ఉన్నవాటిలో ఎక్కువ పసివే, వాటికి షుగర్ అంటుకునే టైమే లేదు, ఇప్పుడీ అంకె నమ్మొద్దు అన్నారు డాక్టర్ గారు. రక్తం పోయినా, ఎక్కించుకున్నా కూడా ఇదే ఇబ్బంది. అన్నాళ్లు వేలు గుచ్చుకునే చూసుకున్నాను. క్రియాటినిన్ 1.0కి దిగాక మెట్‌ఫార్మిన్ మళ్లీ మొదలెట్టారు, మొన్న చేయించిన హెచ్‌బీఏవన్‌సీ 7.6, ఇంట్లో గ్లూకోమీటర్ లెక్కకి సరిగ్గా సరిపోయింది, మాత్ర డోసు కొంచెం పెంచారు.