కూర్చుని చూసుకోవాలి

నెల్లూరు, మే 14, బుధవారం

మేనకోడలికి శుక్రవారం మద్రాసులో కాలేజీ ఇంటర్వ్యూ. పొద్దున టిఫినయ్యాక తెరిచిన బీరువా మధ్యాహ్నం దాకా మూయలేదు. మంచం మీద మూడు తేలాయి: అమ్మ తీసిచ్చిన వెంకటగిరి నూలు చీర, బూడిద రంగు కుర్తా, ముదురు నీలం కుర్తా.

"చీర కడితే ఎంత నిండుగా ఉంటాదో చూడు" అంది అమ్మ. నిజమే. వెంకటగిరి నేత ఒంటి మీద ఉన్నట్టే తెలియదు. కానీ అంత సన్న నూలుకు గంజి పెడితేనే కుచ్చిళ్ళు నిలుస్తాయి, చెమట తగిలిన చోట ఆ గంజి మెత్తబడి బట్ట వాలిపోతుంది. రోజూ కట్టేవాళ్ళు నడుస్తూనే సర్దేసుకుంటారు. అలవాటు లేని పిల్లకు ఒక చెయ్యి ఎప్పుడూ పైట మీదే ఉంటుంది, మనసూ అక్కడే ఉంటుంది. చీరే కట్టాలనుకునే పిల్లలు లోపల నూలు పావడా వేసుకోవాలి, శాటిన్ మీద చీర జారుతుంది. చెప్పులు తొడుక్కున్నాకే కుచ్చిళ్ళు పోసుకోవాలి, తర్వాత తొడిగితే మడమ ఎత్తు మేర అంచు పైకి తేలుతుంది. భుజం దగ్గర పిన్నుకు ఒక చిన్న గుడ్డముక్క మడిచి కలిపి గుచ్చితే సన్న నూలు చిరగదు. కనీసం రెండు మూడు రోజులు ఇంట్లో కట్టుకు తిరగాలి. మా పిల్లకు అంత టైము లేదు, చీర మళ్ళీ బీరువాలోకి వెళ్ళింది.

తనకు నచ్చింది బూడిద రంగు. వేలు తడిపి చంక దగ్గర అద్దితే అంతమేర నల్లగా కనపడింది. బూడిద, లేత నీలం రంగులకు ఇదే తంటా, చెమట దాచవు. రోహిణి కార్తె ఇంకా రాలేదు గానీ ఆటో దిగి గేటు దాకా నడిచేసరికే ఒళ్ళు తడుస్తుంది. తెలుపూ ముదురు నీలమూ ఆ తడిని అంతగా బయటపెట్టవు. అట్లా నీలం కుర్తా నిలబడింది.

అద్దం ముందు నిలబడితే అన్నీ బాగానే ఉంటాయి. ఇంటర్వ్యూ జరిగేది కూర్చుని. డైనింగ్ టేబుల్ కుర్చీలో కూర్చోబెట్టి చూశాం. పక్క కట్ నడుం దగ్గరే మొదలవడంతో ముందు భాగం ఒక పక్కకు జారిపోయింది. రెండంగుళాలు కిందికి కుట్టేశాం, సర్దుకుంది. ఫైలు అందించినట్టు చెయ్యి ముందుకు చాపమంటే చంక కింద పట్టేసింది. కుట్టు లోపల అరంగుళం బట్ట వదిలి ఉంది కాబట్టి విప్పి వదులు చేస్తే సరిపోయింది. పాత కుట్టు విప్పాక సూది రంధ్రాలు వరసగా కనపడతాయి. తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టెతో అదిమితే నూలు బట్టలో చాలావరకు పూడుకుంటాయి. ముందుకు వంగినప్పుడు మెడ కూడా చూసుకోవాలి, నిలబడితే ఆ లోటు తెలియదు.

కింద తెల్ల ప్యాంటు వేసుకుంటానంది. కుర్తా అంచు లోపల తడి తెల్లగుడ్డతో రుద్దితే నీలం దిగింది. చెమటకూ అట్లాగే దిగుతుంది, తెల్ల ప్యాంటు మీద మరక పడుతుంది. బూడిద ప్యాంటు తీసి, కుర్తాను విడిగా, నీళ్ళలో రంగు కనిపించనంతవరకూ జాడించాం.

చెప్పుల విషయం తొందరగానే తేలింది. ట్రంకు రోడ్డులో కొత్తవి కొందామంది, ఆపాను. కొత్తవి నాలుగైదు రోజులు ఇంట్లో గంటేసి సేపు తొడిగితేగానీ మడమ దగ్గర మెత్తబడవు, బొబ్బెక్కితే కుంటుకుంటూ లోపలికెళ్ళాలి. పాతవే తుడిచి, పట్టీ కుట్టు గట్టిగా ఉందో లేదో చూసి పెట్టాం. చున్నీకి రెండు భుజాల మీదా పిన్నులు. గాజులు వద్దు, చెయ్యి కదిలినప్పుడల్లా టేబుల్‌కు కొట్టుకుంటాయి. మల్లెపూలు కూడా వచ్చాకే పెట్టుకోమన్నా. ఏసీ గదిలో తలుపులేస్తే ఆ వాసన మరీ గాఢమవుతుంది, అందరికీ పడదు.

సాయంత్రం పక్కింటామె వాళ్ళబ్బాయి చొక్కా తెచ్చి చూపించింది. పైబొత్తాం పెట్టాక కాలర్లో రెండు వేళ్ళు దూరాలి, భుజం కుట్టు ఎముక అంచునే ఆగాలి. తెల్లచొక్కా కింద తెల్లబనీను గీతలా కనపడుతుంది, ఒంటిరంగుకు దగ్గరగా ఉన్నది వేస్తే మేలు.

రైల్లో మూడు గంటలు. కుర్తా ఒంటి మీద కాదు, సంచిలో వెళ్ళాలి. మడతల మధ్య పలచటి తువ్వాలు పెడితే గీత పదునుగా పడదు. న్యూస్‌పేపర్ పెట్టొద్దు, సిరా అంటుతుంది. ఇస్త్రీ అయిన వెంటనే మడవకూడదు. బట్టలో వేడీ తేమా ఉన్నంతసేపు ఏ మడత పెడితే ఆ మడతే బిగుసుకుంటుంది. పావుగంట హ్యాంగరుకు వేలాడదీయాలి. సంచి పక్క జేబులో నీలం దారం ఎక్కించిన సూది, నాలుగు పిన్నులు, రెండు చేతిరుమాళ్ళు పెట్టాం.

కుర్తా తిరగేసి నీడన ఆరేశాం, ఎండలో ముదురు రంగు వెలుస్తుంది. ఇప్పుడే వెళ్ళి పట్టుకు చూశాను, అంచు దగ్గర ఇంకా కాస్త తేమ ఉంది. ఆ తేమ ఉండగానే, లోపలి వైపు నుంచి ఇస్త్రీ చేయాలి. కరెంటు ఉంది.