మూడో రింగు దాకా ఆగండి

ఊపిరి సలపని పని అంటాం కదా, అది ఉత్త మాట వరస కాదు. పై అధికారి మెసేజ్ చదువుతున్నప్పుడో, బస్సు వచ్చే వేళకి పిల్లల ఐడీ కార్డు కనపడనప్పుడో చాలామంది నిజంగానే ఊపిరి బిగబడతారు. నెమ్మదిగా పీల్చి వదలాలని తెలియనివాళ్లు లేరు. అది ఆ క్షణానికి గుర్తు రాదు, అంతే.

ఫోన్‌లో గంటకో అలారం పెట్టుకోవడం పనికిరాదు. నాలుగో రోజుకే వేలు దానంతటదే ఆపేస్తుంది, మనసుకి కబురైనా అందదు. రోజూ ఎలాగూ జరిగే పనికే ఊపిరిని ముడిపెట్టాలి. సంధ్యావందనంలో ప్రాణాయామం పొద్దు పొడుపుకీ, మధ్యాహ్నానికీ, పొద్దుగుంకడానికీ ముడిపడి ఉంది. వియత్నాం బౌద్ధ సన్యాసి తిక్ న్యాట్ హాన్ ఫ్రాన్స్‌లో నెలకొల్పిన ప్లమ్ విలేజ్‌లో గంట మోగితే ఎవరి పని వాళ్లు ఆపి ఊపిరిని గమనిస్తారు. ఫోన్ మోగినా అంతే.

మనకీ ఫోనే మేలు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో పెట్టిన నిబంధన ప్రకారం, ఎత్తకపోతే మొబైల్ 30 సెకన్లు మోగుతుంది. మూడో రింగు దాకా ఆగితే కాల్ ఎక్కడికీ పోదు, ఈలోగా ఒక ఊపిరి పూర్తవుతుంది.

ముందు లోపలున్న గాలి వదిలేయండి. చాలామంది తప్పేది ఇక్కడే: నిండుగా ఉన్న ఛాతీలోకి ఇంకా పీలుస్తారు, భుజాలు పైకి లేస్తాయి. వదిలాక ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చాలి, పొట్ట కొంచెం ముందుకి రావాలి. ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి. వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, అందుకే ఆ భాగం పొడుగ్గా ఉండాలి. ధ్యాస ముక్కు కొన దగ్గర గాలి తగిలే చోట ఉంచితే చాలు. ఒక్కో ఊపిరికి పది సెకన్లు, అంటే 60 సెకన్ల ఎర్ర సిగ్నల్ దగ్గర ఆరు ఊపిర్లు. (లారీ పొగ గొట్టం వెనక బండి ఆగితే మాత్రం వద్దు. భుజాలు దించుకుని ఊరుకోండి.)

వంటింట్లో కుక్కర్ ఉంది. అది ఆవిరి వదిలినప్పుడు మీరూ వదలండి. పప్పుకి మూడు విజిల్స్ అయితే మూడు ఊపిర్లు, వేరే లెక్క అక్కర్లేదు.

వేళ్లు తిమ్మిరెక్కినా, తల తేలినట్టున్నా మరీ గట్టిగా పీలుస్తున్నారన్నమాట. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతే అలా అవుతుంది. లెక్కలు మానేసి మామూలుగా పీల్చండి, కాసేపట్లో సర్దుకుంటుంది. తర్వాత మూడు పీల్చి, నాలుగు వదిలేలా చిన్నగా మొదలుపెట్టండి. బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు ఊపిరి బిగబట్టే పద్ధతుల జోలికి పోవద్దు. ఛాతీలో నొప్పిగా ఉంటే ఇదేదీ కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మొదటి రెండు వారాలూ ఒక్క గుర్తే పెట్టుకోండి. ఫోనూ, కుక్కరూ, సిగ్నలూ, లిఫ్టూ అన్నీ ఒకేసారి మొదలెడితే ఏదీ నిలవదు. పిల్లలమీద అరిచేశాక గుర్తొచ్చిందా? అప్పుడే ఒక ఊపిరి వదలండి. అదీ లెక్కలోకే వస్తుంది. రేపు అరుపు సగంలో ఉండగా గుర్తు రావచ్చు.