వాసన రాలేదని తెరవనివ్వని క్రెష్: నా అనుభవం

గచ్చిబౌలిలోని ఒక సంస్థ ఆవరణలో, అక్కడి ఉద్యోగుల పిల్లల కోసం నేను క్రెష్ నడుపుతున్నాను. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ సదుపాయం కల్పించాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణతో నియమం వచ్చింది కనుక, ఇలాంటి చోట్ల పిల్లల గది ఉంటుంది. ఆ గదిని ఎలా శుభ్రం చేయాలో తెలిసిన అధికారి కూడా ఉంటాడని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

గత నెలలో ఇద్దరు పసివాళ్లకు నోట్లోనూ అరచేతుల్లోనూ పొక్కులు లేచాయి. డాక్టరు గారు హ్యాండ్ ఫుట్ మౌత్ వ్యాధి అన్నారు. ఆ సాయంత్రమే తల్లిదండ్రులందరికీ చెప్పి, గది మూసివేశాను.

శుభ్రపరచడం ఒళ్లు హూనమయ్యే పనే గాని, అందులో తికమక ఏమీ లేదు. ఈ వ్యాధిని కలిగించే ఎంటెరోవైరస్‌లకు, ఆల్కహాల్ లాంటివి తేలికగా కరిగించగల కొవ్వు పొర పైన ఉండదు. అందువల్ల చేతులకు రాసుకునే ఆల్కహాల్ శానిటైజరును గాని, గచ్చు తుడిచే ఫినాయిల్‌ను గాని నమ్ముకుని కూర్చోలేము. చేతులకు సబ్బూ నీళ్లూ, గచ్చుకూ బల్లలకూ హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్ అనే క్లోరిన్ ద్రావణం వాడాలి. అయితే హైపో కన్నా ముందు సర్ఫు నీళ్లతో కడగాలి, ఎందుకంటే మురికి మీద పోసిన హైపోలోని క్లోరిన్ ఆ మురికికే ఖర్చయిపోతుంది. సీసా మీద 5 శాతం అని రాసి ఉన్న హైపోను లీటరు చన్నీళ్లకు 20 మిల్లీలీటర్ల చొప్పున ఏ రోజుకారోజు కలిపి, కలిపిన వేళను మా ఆయమ్మ చేత డబ్బా మీద మార్కరుతో రాయించాను. డైపర్లు మార్చే బల్ల, తలుపు పిడులు, కుళాయి తిప్పే చోటు పది నిమిషాల పాటు తడిగా ఉండేలా చూసి, ఆ తరువాత మంచినీళ్లతో తుడిపించాను. నోట్లో పెట్టుకునే బొమ్మలను బాగా కడిగి డాబా మీద ఆరబెట్టాము. నేల మీద పరిచే రబ్బరు చాపల ముక్కలను విడదీస్తే, పైకి అద్దంలా కనిపించే చాప అతుకులలో బిస్కెట్ పొడి, పాలచారలు, వెంట్రుకలు కలిసి నల్లటి గీతలా పేరుకుని ఉన్నాయి. వాటిని పాత టూత్‌బ్రష్‌తో తీయడానికే ఒక పూట పట్టింది.

ఇక తెరుచుకోవచ్చుననుకున్నాను. తనిఖీకి వచ్చిన ఫెసిలిటీస్ మేనేజరు గారు గుమ్మంలోనే ఆగి, గట్టిగా గాలి పీల్చి, “ఏం క్లీన్ చేశారు మేడమ్, వాసనే లేదు?” అన్నారు. వెనుక ఇద్దరు తల్లులు, సెక్యూరిటీ వాళ్లు నిలబడి ఉన్నారు. హైపో పని చేశాక కిటికీలు తెరిచి గాలి ఆడించామని, పసిపిల్లలు పీల్చే గదిలో మందు వాసన మిగలకపోవడమే మంచిదని చెప్పాను. రోజువారీ రిజిస్టరు చూపించాను. ఆయన పేజీ తిప్పకుండానే, “ఇది మీరు రాసుకున్నదే కదా, ఫ్యుమిగేషన్ సర్టిఫికెట్ ఏది?” అని అడిగారు. పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉండి, నా దగ్గర నేర్చుకున్న ఆయమ్మలను ఇతర క్రెష్‌లవాళ్లు ఎక్కువ జీతమిచ్చి పట్టుకుపోయేంత పేరు తెచ్చుకున్న నేను, ఇల్లు ఊడ్చి మాట పడ్డ కొత్త కోడలిలా నిలబడవలసి వచ్చింది.

ఇళ్లలోనూ ఆఫీసులలోనూ గదులు పొగమందుతో నింపడాన్ని, అంటే ఈ ఫ్యుమిగేషన్‌ను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెలలోనే వద్దంది. అలా చల్లిన మందు చాటున ఉన్న చోట్లకు చేరదు, మురికి ఉన్నచోట పనిచేయదు. కోవిడ్ గురించి చెప్పినదే అయినా, మా చాప అతుకులకూ అదే న్యాయం వర్తిస్తుంది. ఈ సంగతి మెయిల్‌లో రాస్తే, “పాలసీ ప్రకారం కావాలి” అన్న ఒక్క ముక్క జవాబుగా వచ్చింది. చివరకు వాళ్లే ఒక పురుగుమందుల ఏజెన్సీని పంపారు. వచ్చిన కుర్రవాడి డబ్బాకు లేబులే లేదు. ఏం మందని అడిగితే “హెర్బల్, మేడమ్” అన్నాడు. వాడు ఊదిపోయిన తరువాత గచ్చు జిగటగా తయారైంది. మా ఆయమ్మా నేనూ కడిగినదంతా మొదటి నుంచి మళ్లీ కడిగాము. ఆ మధ్యాహ్నమే సర్టిఫికెట్ వచ్చింది, సాయంత్రానికి అనుమతీ వచ్చింది.

ఇలాంటి చోట క్రెష్ పెట్టదలచినవారు ఒప్పందం మీద సంతకం చేసే ముందే, ఏ కాగితం ఎవరివ్వాలో, దాని ఖర్చెవరిదో రాయించుకోవాలి. బాత్‌రూమ్‌లో హార్పిక్ వేసినచోట హైపో పోయనివ్వకండి. ఆ రెండూ కలిస్తే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. పొక్కులు తగ్గిన పిల్లల మలంలో వైరస్ కొన్ని వారాల పాటు ఉండగలదు కాబట్టి, డైపరు మార్చిన ప్రతిసారీ ఆయమ్మ చేతులూ బిడ్డ చేతులూ సబ్బుతో కడగవలసిందే. ఈ విషయం నేను తల్లిదండ్రులకు చెబుతూనే ఉన్నాను, మేనేజరు గారికి చెప్పడం మానుకున్నాను.

ఆ పొగమందు బిల్లును ఈ నెల నా చెల్లింపులో కోసేశారు. తిరిగి ఇవ్వమని రాశాను. ఇంకా జవాబు లేదు.