ఆ చెయ్యి నీదేనా?

"ఆరో నిమిషం నలభయ్యో సెకండు దగ్గర ఆపుతున్నాను, చూడు" అంది మా టీమ్ లీడ్, ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి.

నల్లటి తెర మీద, మూడు వారాల కిందట నా పేరుతో తెరిచిన సెషన్ మళ్లీ సినిమాలా నడుస్తోంది. ఒక్కో అక్షరం పడుతోంది. ఫోల్డర్‌లో ఏ ఫైళ్లున్నాయో చూపించే కమాండ్, ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌ఆర్‌టీ, ఎంటర్. ఏమీ మారకపోయినా మళ్లీ ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌ఆర్‌టీ. తర్వాత కాన్ఫిగ్ ఫైలు తెరవడానికి నానో అనే ఎడిటర్. అక్కడ ఆపింది.

"ఈ మూడేళ్లలో నువ్వు వీఐ తప్ప ఇంకో ఎడిటర్ వాడగా నేను చూడలేదు. ఆ చెయ్యి నీదేనా?"

గొంతులో కోపం లేదు. కనీసం చిరాకు ఉన్నా బాగుండేది, తిరిగి నాలుగు మాటలు అనడానికి వీలుండేది. ఫిన్లాండ్ వాళ్లు ప్రశ్న అడిగాక జవాబు వచ్చేదాకా నిజంగానే ఆగుతారు. మనలాగా మధ్యలో "పర్లేదులే, ఏదో అడిగాను" అని తప్పించుకునే దారి ఇవ్వరు. ఆమె కాఫీ తాగుతూ కూర్చుంది. కాదు, నాది కాదు అన్నాను.

జరిగింది చెబుతాను. నేనుండేది ఎస్పోలో, హెల్సింకి పక్కనే. మా ప్రొడక్షన్ సర్వర్లలోకి, అంటే అసలు పని నడిచే సర్వర్లలోకి, వెళ్లాలంటే మధ్యలో ఒక కాపలా సాఫ్ట్‌వేర్ ఉంటుంది. టెలిపోర్ట్, సైబర్‌ఆర్క్, బౌండరీ అంటూ ఇలాంటివి చాలా ఉన్నాయి. మా ఆఫీసులో ఏది వాడతారన్నది ఇక్కడ అనవసరం, పని ఇంచుమించు ఒకటే. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు, తెలుసుకోవడానికి అసలు ఉండదు. పొద్దున ఫోన్ మీద వేలు పెట్టి లాగిన్ అయితే ఒక సర్టిఫికెట్ ఇస్తుంది. దాని ఆయుష్షు 12 గంటలు. ప్రొడక్షన్‌కి అదీ చాలదు. ఎందుకు వెళ్తున్నావో కారణం రాసి రిక్వెస్ట్ పెట్టాలి, ఇంకో మనిషి చూసి సరే అనాలి, అప్పుడు రెండు గంటల పాటు తలుపు తెరిచి ఉంటుంది. లోపల కొట్టిన ప్రతి కమాండూ రికార్డవుతుంది. కారణం దగ్గర "పని ఉంది" అని రాసి తిరస్కారం పొందిన ఘనత నాకుంది. పని లేకుండా ఎవరైనా శనివారం పూట సర్వర్ దగ్గరకు వస్తారా అని మనసులో తిట్టుకున్నాను.

జులైలో ఓ శనివారం రాత్రి తొమ్మిదిన్నర. ఇక్కడ ఇంకా ఎండ ఉంది, హైదరాబాద్‌లో అర్ధరాత్రి. అక్కడి టీమ్‌లో ఒంగోలు కుర్రాడొకడు ఉన్నాడు, ఏడాది క్రితం చేరాడు, నన్ను అన్నా అంటాడు. ఫోన్ చేశాడు.

"అన్నా, క్యూ నిండిపోతోందన్నా. రిక్వెస్ట్ పెట్టి నలభై నిమిషాలైంది, ఎవరూ అప్రూవ్ చెయ్యట్లేదు."

జులైలో ఈ దేశం పనిచేయదు. అందరూ చెరువు గట్టున చెక్క ఇళ్లకు వెళ్లిపోతారు, మోక్కి అంటారు వాటిని. ఆ వారం అప్రూవల్ డ్యూటీ మా లీడ్‌దే. అలర్ట్ ఆమె ఫోన్‌కి వెళ్లే ఉంటుంది, చూసుకోలేదేమో. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చేయలేదు. శనివారం రాత్రి, సెలవులో, పిల్లలతో ఉన్న మనిషికి ఏం చేస్తాంలే అనిపించింది. నాకు మాత్రం గంట కిందట తీసుకున్న అనుమతిలో ఇంకా గంట మిగిలి ఉంది.

"అన్నా, స్క్రీన్ కంట్రోల్ నాకివ్వండి, రెండే నిమిషాలు. ఏం చెయ్యాలో నాకు తెలుసు."

వాడికి తెలుసు, నిజమే. నాకంటే బాగా తెలుసు. ఇచ్చాను. పదకొండు నిమిషాల్లో సరిచేశాడు. "థ్యాంక్స్ అన్నా, మీరు లేకపోతే..." అన్నాడు. హాయిగా పడుకున్నాను.

ఆగస్టులో అందరూ తిరిగొచ్చాక అక్కడో ఇక్కడో పది రికార్డింగులు తీసి చూస్తారు. అందులో ఇదొకటి.

ఆమె అన్నవి మూడే మాటలు. ఒకటి, మార్పు సరైనదే, బాగా చేశాడు. రెండు, కానీ రికార్డులో ఉన్నది నీ పేరు, కాబట్టి ఆ రికార్డు అబద్ధం. మూడు, నా ఫోన్ సైలెంట్‌లో లేదు, ఆ వారం ఫోన్ ఎత్తడానికే నాకు జీతం ఇచ్చారు, నువ్వెందుకు చేయలేదు?

మొదటి రెండింటికీ తల ఊపాను. మూడోదానికి నా దగ్గర ఇంగ్లీషులో జవాబు లేదు. మొహమాటం అన్న మాటకు ఇంగ్లీషు ఏమిటో పదిహేనేళ్లుగా వెతుకుతున్నాను. వాడికి కాదని చెప్పలేకపోవడం మొహమాటం, ఆమెకు ఫోన్ చేయలేకపోవడం మొహమాటం. "నిన్ను ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. "ఇబ్బంది పడాలో వద్దో నేను చూసుకుంటాను కదా" అంది. అదేమీ ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అంది. అందుకే ఇంకా గుచ్చుకుంది.

సాయంత్రం మెట్రోలో నాలో నేను వాదించుకుంటూనే వచ్చాను. పదకొండు నిమిషాల సాయం చేసినందుకు దొంగని పట్టుకున్నట్టు వీడియో వేసి చూపిస్తారా? వీటన్నిటికీ వీళ్లు పెట్టుకున్న పేరు చూడండి, జీరో ట్రస్ట్. 2010లో ఫారెస్టర్ కంపెనీ అనలిస్టు జాన్ కిండర్‌వాగ్ ప్రచారంలోకి తెచ్చిన మాట. నమ్మకం సున్నా అని గర్వంగా బోర్డు పెట్టుకుంటారు. మా ఊళ్లో అమ్మ ఎక్కడికైనా వెళ్తే తాళంచెవి పక్కింటి పిన్నిగారి చేతిలో పెట్టి వెళ్తుంది. పిన్నిగారు మా ఇంట్లోకొచ్చి పాలు కాచి, మొక్కలకు నీళ్లు పోసి, ఒక్కోసారి మా ఫ్రిజ్‌లో పచ్చడి కూడా తీసుకెళ్తుంది. దానికి రికార్డింగ్ ఎవరు చేశారు?

ఇలా మండిపడుతుండగా రైలు ఒటానియెమి అనే పేట కింద ఆగింది. స్టేషన్ పేరు ఆల్టో యూనివర్సిటీ. మన సర్వర్ వాళ్లం పొద్దున లేస్తే తలుచుకునే ఎస్‌ఎస్‌హెచ్, అంటే దూరంగా ఉన్న సర్వర్‌లోకి దారిలో ఎవరూ వినకుండా వెళ్లే పద్ధతి, పుట్టింది ఇక్కడే. 1995లో, ఇది హెల్సింకి యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీగా ఉన్నప్పుడు, నెట్‌వర్క్‌లో ఎవరో మాటేసి పాస్‌వర్డులు దొంగిలిస్తున్నారని తేలితే, తాతు ఇలోనెన్ అనే పరిశోధకుడు కూర్చుని రాసేశాడు. సర్వర్ మీద ఒక్కో పద్ధతికీ పోర్టు అనే ఒక తలుపు నంబరు ఉంటుంది. పాత పద్ధతుల్లో టెల్‌నెట్‌ది 23వ పోర్టు, ఎఫ్‌టీపీది 21, మధ్యలో 22 ఖాళీగా ఉంటే అడిగి తీసుకున్నాడు. హైదరాబాద్‌లో మొదటిసారి ఎస్‌ఎస్‌హెచ్ నేర్చుకున్నప్పుడు, దాని పుట్టింటి మీదుగా రోజూ ఆఫీసుకు వెళ్తానని అనుకోలేదు. దారిలో పొంచి వినేవాణ్ని అతను ఆపాడు. తాళంచెవి చేతులు మారితే ఎలా అన్నది మాత్రం మిగిలిపోయింది. సర్వర్ మీద ఒకసారి కీ పెడితే, ఎవరూ తియ్యకపోతే అది అలాగే పడి ఉంటుంది. మనిషి ఉద్యోగం మానేసినా కీ మానదు. ఆ మిగిలిన పని కోసమే పన్నెండు గంటల్లో చచ్చిపోయే సర్టిఫికెట్లు వచ్చాయి. ఇది నాకు తెలియనిదేం కాదు, కొత్తవాళ్లకు నేనే చెబుతుంటాను.

మొదటి చలికాలంలో జరిగినది కూడా గుర్తొచ్చింది. ఇక్కడి అపార్ట్‌మెంట్ తలుపులు మూస్తే వాటంతటవే తాళం పడతాయి. చెత్త పడేయడానికి చెప్పులతో బయటికొచ్చి ఇరుక్కుపోయాను. మెట్ల దగ్గర వణుకుతూ నిలబడితే మెయింటెనెన్స్ కంపెనీ మనిషి వచ్చాడు. వారం ముందు మా వంటింటి కుళాయి బాగుచేసింది అతనే, నేను టీ కూడా ఇచ్చాను. తలుపు తీశాడు, లోపలికి వెళ్లి గుర్తింపు కార్డు తెమ్మన్నాడు. "మొన్న మీకు టీ ఇచ్చింది నేనే కదా" అన్నాను. "అవును, టీ బావుంది" అని నవ్వి, చెయ్యి చాపాడు. కార్డులో పేరు, తన కాగితంలో పేరు రెండూ చూశాకే వెళ్లాడు. ఆ రోజు అవమానంగా అనిపించింది. నేను కాకుండా ఇంకెవరో ఇదే కథ చెప్పినా అతను తలుపు తీసి కార్డు చూడకుండా వెళ్లేవాడైతే, ఆ తలుపు వెనకాల రాత్రి నిద్రపట్టేదా అని మాత్రం అప్పుడు ఆలోచించలేదు.

అసలు నాకు ఎక్కడ తగిలిందో చెప్పకుండా ఇంతదూరం వచ్చాను.

2012లో మాదాపూర్‌లో ఒక కంపెనీలో చేసేవాణ్ని. సర్వర్లన్నిటికీ కలిపి ఒకటే యూజర్ ఐడీ, ఒకటే పాస్‌వర్డు. అది టీమ్ ఫోల్డర్‌లో ఒక ఎక్సెల్ షీట్‌లో ఉండేది. ఇరవై మందిమి. ఎవరు రజా పెట్టినా ఇంకొకరు చూసుకునేవాళ్లం. ఇప్పటికీ ఆ టీమ్‌ని తలుచుకుంటే ఒక ఇల్లులాగే అనిపిస్తుంది. ఒక రాత్రి క్లయింటు ఇన్‌వాయిస్‌ల ఫోల్డర్ ఒకటి మొత్తం మాయమైంది. పొద్దున ఎవరు చేశారని వెతికితే, అందరం మిగతా సర్వర్లకు దారిచ్చే ఒకే జంప్ సర్వర్ మీదుగా ఒకే పేరుతో వెళ్లేవాళ్లం కాబట్టి లాగిన్లన్నీ ఒకేలా ఉన్నాయి. కమాండ్ హిస్టరీ చూస్తే, చివర లాగౌట్ అయినవాడిది మాత్రమే మిగిలింది, మిగతావి దాని కింద చెరిగిపోయాయి. చివర లాగౌట్ అయింది నైట్ షిఫ్ట్ కుర్రాడు. అతని హిస్టరీలో డిలీట్ కమాండ్ లేదు. ఉన్నా లేకపోయినా షిఫ్టులో ఉన్నది అతనేగా అన్నారు. నెల తిరక్కుండా రాజీనామా రాయించుకున్నారు.

ఆ రాత్రి పదకొండింటికి నేనూ లాగిన్ అయ్యాను. డిస్క్ నిండుతోందని ఇంటి నుంచి పాత లాగ్‌లు తీసేశాను. సరైన ఫోల్డర్‌లోనే ఉన్నాననుకుంటున్నాను. అనుకుంటున్నానంతే. చూపించడానికి ఏ రికార్డూ లేదు, నాకైనా చూసుకోవడానికి లేదు. ఎవరూ నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. అడిగి ఉంటే ఏమనేవాణ్నో.

ఆరో నిమిషం నలభయ్యో సెకండు దగ్గర ఆపే మనిషి ఆ రోజు అక్కడ ఉండి ఉంటే... ఈ వాక్యం మెట్రోలో మొదలుపెట్టాను, ఇంటికొచ్చినా పూర్తి కాలేదు. రాత్రి ఒంగోలు కుర్రాడికి ఫోన్ చేసి, జులైలో మనం చేసింది పట్టుకున్నారని చెప్పాను. "నా పేరు చెప్పారా అన్నా?" అన్నాడు భయంగా. చెప్పాను, బాగా చేశావన్నారని కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "నా పేరు మీదే ఉంటే అప్రైజల్‌లో చూపించుకునేవాణ్ని కదన్నా" అన్నాడు. అంత దూరం నేను ఆలోచించలేదు.

తర్వాతి వారం లీడ్ నన్ను పిలిచి ఒకటి చూపించింది. ఈ సాఫ్ట్‌వేర్‌లోనే ఒకరి సెషన్‌లోకి ఇంకొకరు వాళ్ల పేరుతోనే వచ్చి చేరొచ్చు, చూడటానికి మాత్రమే కూడా చేరొచ్చు. హైదరాబాద్ టీమ్‌కి ఆ అనుమతి కొత్తగా పెట్టింది. "సాయం చెయ్యొద్దని నేనెప్పుడూ అనలేదు" అంది, తెర వైపు చూస్తూనే. ఇన్నాళ్లూ ఆ బటన్ మెనూలోనే ఉంది, నేనే ఎప్పుడూ నొక్కలేదు.

పోయిన శనివారం మళ్లీ క్యూ నిండింది. లీడ్‌కి ఫోన్ చేయడానికి ముందు రెండు నిమిషాలు ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగాను, అబద్ధం ఎందుకు. రెండో రింగుకి ఎత్తింది. వెనకాల పిల్లలు అరుస్తున్నారు. కారణం విని "సరే" అని పెట్టేసింది. పదిహేను సెకండ్లు కూడా పట్టలేదు. కుర్రాడు తన పేరుతో సెషన్‌లోకి వచ్చి కూర్చున్నాడు. వాడు చెబుతున్నాడు, నేను కొడుతున్నాను. ఫైలు తెరిచి వరస వెతుక్కుంటుంటే హెడ్‌ఫోన్‌లో నిట్టూర్పు వినిపించింది.

"నానోలో అయితే ఈపాటికి అయిపోయేదన్నా."